షేక్ బందగీ: వాటా కోసం నిలిచిన రైతు

మన కోకాపేటలో ప్రభుత్వం వేలం వేసిన భూమి 2023 ఆగస్టులో ఎకరం నూరు కోట్ల రూపాయలకు పైగా పలికిన సంగతి విద్యార్థి మిత్రులందరూ ఎరిగినదే. భూమి ధర పెరిగిన చోట అన్నదమ్ముల వాటాల పేచీలు కూడా పెరుగుతాయి. ఈ సందర్భంలో ఎనభై ఏళ్ళకు పూర్వం, ఇంతటి విలువ లేని మెట్టచేలలో తన న్యాయమైన వాటా కోసం ప్రాణం కోల్పోయిన ఒక సామాన్య ముస్లిం రైతు జీవితాన్ని స్మరించుట సముచితమని తలచి ఈ వ్యాసం వ్రాయుచున్నాను. ఆయన పేరు షేక్ బందగీ. ఊరు కామారెడ్డిగూడెం. ఆనాడది నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలోనిది. నేడు జనగామయే ఒక జిల్లా.

ఆ ప్రాంతమంతా విసునూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డి ఏలుబడిలో ఉండేది. పేరుకు నిజాం రాజ్యమే గాని ఊళ్ళలో చెల్లునది దొర మాట. మొదట దేశ్‌ముఖులు శిస్తు వసూలు చేసి సర్కారుకు జమకట్టే వారు మాత్రమే. సాలార్‌జంగ్ సంస్కరణలు ఆ పనిని వారి చేతినుండి తొలగించి, బదులుగా రుసుములు ఏర్పాటు చేసినవి. కాని భూముల సర్వే జరిగినప్పుడు ఊరి లెక్కలు తెలిసిన ఆ చేతులే వేల ఎకరాలను తమ పేర పట్టాలుగా వ్రాయించుకొన్నవి. విసునూరు దొర క్రింద నలభై వేల ఎకరాలుండేవని పోరాట చరిత్రకారులు వ్రాసినారు. వెట్టిచాకిరి, నాగులు, జరిమానాలు, గడిలో దండనలు రైతుకు నిత్యకృత్యములు.

ఇటువంటి చోట 1929లో మొదలైన ప్రపంచ ఆర్థిక మాంద్యం వచ్చి పడినది. ధాన్యం, ఆముదాలు, వేరుశనగ ధరలు పడిపోయినవి. శిస్తు మాత్రం రొక్కంగా చెల్లించవలసినదే; అది తగ్గలేదు. మునుపు ఒక బస్తా అమ్మితే తీరే బాకీకి ఇప్పుడు రెండు బస్తాలు అమ్మవలసి వచ్చెను. ధాన్యం చాలనివాడు షావుకారు వద్దకు, షావుకారు ఇవ్వనివాడు దొర వద్దకు పోయినాడు. ఆ పదేళ్ళలో తెలంగాణమున ఎన్ని చేలు ఈ దారిన చేతులు మారినవో తలచుకొంటే, పిత్రార్జితమైన కొద్దిపాటి భూమిని నిలుపుకొనుట ఎంతటి పనియో బోధపడుతుంది.

బందగీ కుటుంబంలో తగాదా ఆ భూమి పంపకం దగ్గరే పుట్టినది. సోదరులలో అబ్బాస్ అలీ అనునతడు దేశ్‌ముఖ్ అనుచరుడు. ఉమ్మడి భూమి తనకే దక్కవలెనని అతని పట్టు. అందరికీ భాగాలు పంచవలెనని బందగీ వాదం. ఇస్లామీయ వారసత్వ ధర్మంలో ఒక తండ్రి కుమారులందరికీ సమాన భాగమే. పెద్దవాడని, పలుకుబడి గలవాడని ఒకరికి అదనపు హక్కు లేదు. బందగీ అడిగినది అంతకు మించినదేమీ కాదు. కాని దొర తన అనుచరుని పక్షం వహించినాడు. దానితో అన్నదమ్ముల పేచీ గడికీ గుడిసెకూ నడుమ పేచీగా మారినది.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. ఆనాటి హైదరాబాదు చరిత్రను రెండు మతాల కలహంగా చూపువారు ఇరువైపులా ఉన్నారు. బందగీ కథ వారి లెక్కకు లొంగదు. ప్రభువు ముస్లిం, దొర హిందువు, దొర పంచన చేరిన సోదరుడు ముస్లిం, దొరను ఎదిరించిన రైతు ముస్లిం. ఆయనను తమవాడని తలచిన ఊరి జనంలో అన్ని కులాల, మతాల రైతుకూలీలున్నారు.

దొర మాటకు ఎదురు లేని ఆ దినాలలో బందగీ కోర్టుకెక్కినాడు. కర్ర పట్టలేదు, గుంపు కట్టలేదు. అప్పటికి పల్లెపల్లెనా సంఘాలు ఇంకా ఏర్పడలేదు గనుక వెనుక నిలిచే వ్యవస్థ కూడా లేదు. సంవత్సరాల తరబడి జనగామ కచేరీల చుట్టూ తిరిగినాడు. నిజాం రాజ్యపు న్యాయస్థానాలలో కాగితమంతా ఉర్దూలో నడిచేది. దావా, వకాల్తా, హాజరు, వాయిదా, జప్తు: మన తెలుగులో కలిసిపోయిన ఈ మాటలను నేను తరగతిలో అన్యదేశ్యాలని పాఠం చెప్పుచుంటాను. బందగీకి అవి వ్యాకరణం కాదు. ఒక్కొక్క మాటకు ఒక్కొక్క దినం కూలి, దారి ఖర్చు, వకీలు రుసుము. వాయిదాలతో విసిగించి లొంగదీయుట బలవంతులకు అలవాటైన ఉపాయం. అది బందగీ యెడల పారలేదు. న్యాయం ఆయన వైపు మొగ్గినది.

1939 సెప్టెంబరులో ఐరోపాలో యుద్ధం ఆరంభమైనది. మరుసటి ఏడు జులై 27వ తేదీన బందగీ జనగామ పోవుటకు బస్సు కోసం రోడ్డు మీదికి వచ్చినాడు. దొర పంపిన కిరాయి మనుషులు మాటు వేసి ఆయనను నరికి చంపినారు. కచేరీలో ఓడింపలేని వానిని కచేరీకి పోవు దారిలో తొలగించినారు.

ఆయన మరణంతో దొరకు ఎదురు తొలగలేదు. యుద్ధకాలంలో ధాన్యం కొరత ఏర్పడి సర్కారు లెవీ విధించినప్పుడు ఆ భారం చిన్న రైతు మీదనే పడినది; పెద్దల గాదెలు తప్పించుకొన్నవి. ఊళ్ళలో సంఘాలు వెలసినవి. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ పండించిన పంటను దక్కించుకొన చూచినది ఈ విసునూరు దొరయే. సంఘం అండతో ఆమె దానిని ఇంటికి చేర్చుకొన్నది. 1946 జులై 4న కడవెండిలో ఊరేగింపు మీద కాల్పులు జరిపి దొడ్డి కొమరయ్యను బలిగొన్నది ఈ దొర మనుషులే. అటుపిమ్మట సాయుధ పోరాటం రగిలినది. 1949లో జాగీర్లు రద్దైనవి. 1950లో కౌలుదారుల రక్షణకు చట్టం వచ్చినది.

సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి వ్రాసిన 'మా భూమి' నాటకానికి ప్రేరణ బందగీ జీవితమే. అందులో ఒక పాత్ర పేరు కూడా బందగీయే. ఆంధ్ర ప్రాంతంలో ఊరూరా ఆడిన ఆ నాటకాన్ని నాటి మద్రాసు ప్రభుత్వం నిషేధించినది. కోర్టు కాగితాలలో వాదిగా మిగిలిపోవలసిన పేరు ఆ విధంగా కృష్ణా తీరపు పల్లెలలో సైతం పరిచయమైనది.

బందగీ సమాధి కామారెడ్డిగూడెంలో, జనగామ నుండి సూర్యాపేట పోవు రోడ్డు ప్రక్కన ఉన్నది. ఆనాడు ఆయన బస్సు ఎక్కవలసిన రోడ్డు అదే.