కట్టమంచి రామలింగారెడ్డి

చిత్తూరు చెంతనున్న కట్టమంచి గ్రామమున 1880వ సంవత్సరమున రామలింగారెడ్డిగారు జన్మించిరి. మద్రాసునందును కేంబ్రిడ్జియందును చదివి, మైసూరులో అధ్యాపకులై పేరొందిరి.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయము బెజవాడలో నెలకొనగా వారే తొలి వైస్ ఛాన్సలరైరి. పాఠములు చెప్పుట ఊరూరనున్న కళాశాలల వంతు. పాఠ్యక్రమము నిర్ణయించి, పరీక్షలు జరిపి, పట్టములిచ్చుట విశ్వవిద్యాలయము వంతు. అంతటితో సరిపెట్టుకొన్నచో అది కచేరీ యగును గాని విద్యాపీఠ మెట్లగును? బోధనకు సొంత కళాశాలలు కావలెను. కేంద్రము వాల్తేరుకు మారెను. ఆ కళాశాలలింకను తెరువబడలేదు. ఇంతలో 1930లో ఉప్పు సత్యాగ్రహము. సత్యాగ్రహులపై ప్రభుత్వము సాగించిన దమననీతికి నిరసనగా రెడ్డిగారు పదవిని త్యజించిరి. తాము నాటిన మొక్కను విడిచిపోవుట సామాన్యమా!

తరువాత సర్వేపల్లి రాధాకృష్ణగారి కాలమున ఆ కళాశాలలు వెలసెను. 1936లో రెడ్డిగారు మరల వచ్చి, 1949 వరకు వానిని పెంచిరి.