దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు

కళాశాల చదువు ముగిసి, పట్టా చేతికి వచ్చిన నాడు ప్రతి విద్యార్థి ముందు ఒక ప్రశ్న నిలుస్తుంది. ఉద్యోగంలో చేరడమా, సొంతంగా ఏదైనా వ్యాపారం ప్రారంభించడమా అన్నది ఆ ప్రశ్న. పంతొమ్మిదవ శతాబ్దం చివరి రోజుల్లో ఈ ప్రశ్న వేసుకొన్న తెలుగు యువకులు చాలా తక్కువ. ఆ కాలంలో బి.ఎ. చదివినవారు వేళ్లమీద లెక్కపెట్టదగినంత మంది. వారికి ప్రభుత్వ కచేరీలలో కొలువులు దొరికేవి. నెల తిరగగానే జీతం, సంఘంలో మర్యాద లభించేవి. చదువుకొన్నవాడు దుకాణం పెట్టడం తగని పని అని తలచే పెద్దలు ప్రతి ఊళ్లోనూ ఉండేవారు. అటువంటి రోజుల్లో పట్టభద్రుడై కూడా వ్యాపారమార్గాన్ని ఎంచుకొన్న సాహసి కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు.

నాగేశ్వరరావు గారు 1867లో కృష్ణా జిల్లాలో జన్మించారు. తల్లి శ్యామలాంబ, తండ్రి బుచ్చయ్య. బందరులో చదువుకొన్న తరువాత ఉన్నత విద్య కోసం మద్రాసు వెళ్లి క్రైస్తవ కళాశాలలో చేరారు. 1891లో పట్టభద్రులయ్యారు. విద్యార్థి దశలోనే ఆయన కందుకూరి వీరేశలింగం పంతులు గారి వివేకవర్ధని పత్రికలోని వ్యాసాల వల్ల ప్రభావితులయ్యారు. సంఘంలోని లోపాలను ఎత్తిచూపుతూ, మార్పును కోరుతూ వెలువడిన ఆ రచనలు యువకులను ఆలోచింపజేసేవి. ఒక పత్రిక సంఘాన్ని ఎంతగా కదిలించగలదో నాగేశ్వరరావు గారికి అప్పుడే తెలిసింది.

చదువు పూర్తికాగానే ఆయన మద్రాసులో చిన్న వ్యాపారం మొదలుపెట్టారు. అది ఎంతో కాలం సాగలేదు. చేతిలో పట్టా ఉన్నది, వయస్సు ఇరవై నాలుగు దాటింది. మొదటి ప్రయత్నం నిలువలేదు. మరొకరైతే అంతటితో వ్యాపారాన్ని విడిచి, ఏదో ఒక కచేరీలో కుదురుకొని ఉండేవారు. నాగేశ్వరరావు గారు అలా చేయలేదు. వ్యాపారం చేయాలంటే ఉత్సాహం ఒక్కటే చాలదు. సరుకు ఎలా తయారవుతుంది, ఎక్కడి నుండి వస్తుంది, ఎలా అమ్ముడుపోతుంది అన్న విషయాలు తెలియాలి. ఆ అనుభవం సంపాదించడానికి ఆయన కలకత్తా వెళ్లారు. అక్కడ మందుల వ్యాపారంలో పనిచేస్తూ అందులోని మెలకువలు నేర్చుకొన్నారు.

ఆ తరువాత బొంబాయి చేరి ఒక కంపెనీలో ఉద్యోగం చేశారు. బొంబాయి అప్పటికే గొప్ప ఓడరేవు. నూలు మిల్లులతో, వర్తక సంస్థలతో కళకళలాడే నగరం. పొట్ట చేత పట్టుకొని వచ్చిన తెలుగు కార్మికులు కూడా అక్కడ ఎందరో ఉండేవారు. ఆ నగరంలో నాగేశ్వరరావు గారు జీతంతో తృప్తిపడి ఉండిపోలేదు. సొంత పరిశ్రమ స్థాపించాలన్న కోరిక ఆయనను వదలలేదు. ఒకరి వద్ద పనిచేస్తూ గడించిన అనుభవమే ఆ కోరికకు ఆధారమైంది.

1893లో ఆయన బొంబాయిలో అమృతాంజనం తయారీని ప్రారంభించారు. అది తలనొప్పికి, ఒళ్లు నొప్పులకు, జలుబుకు పైపూతగా వాడే పసుపుపచ్చని లేపనం. ఆనాడు మన దేశపు అంగళ్లలో విదేశాల నుండి వచ్చే మందులదే పైచేయి. వాటి మధ్య ఒక తెలుగువాడు తయారుచేసిన కొత్త మందును ఎవరు కొంటారు? పెద్ద పెద్ద ప్రకటనలు వేయడానికి కొత్త వ్యాపారి దగ్గర ధనం ఉండదు. అందుకు ఆయన ఒక ఉపాయం కనిపెట్టారని చెబుతారు. సంగీత సభలకు వచ్చినవారికి అమృతాంజనాన్ని ఉచితంగా పంచిపెట్టారు. వాడి చూసినవారికి గుణం కనిపించింది. వారు మరొకరికి చెప్పారు. అలా ఆ చిన్న సీసా నోటిమాట మీదనే ఇంటింటికీ చేరింది.

తలనొప్పి, జలుబు పేదవారికీ వస్తాయి, ధనికులకూ వస్తాయి. అందువల్ల అటువంటి మందు అవసరం లేని ఇల్లు ఉండదు. వైద్యుడు దగ్గరలో లేని పల్లెలలో దాని అవసరం మరింత ఎక్కువ. ప్రజలకు నిత్యం ఉపయోగపడే వస్తువును ఎన్నుకోవడం, దాని గుణాన్ని నిలబెట్టడం నాగేశ్వరరావు గారి విజయానికి ముఖ్య కారణాలు. కొద్ది సంవత్సరాలలోనే అమృతాంజనం దేశమంతటా పేరు పొందింది. దానితో ఆయన లక్షలు గడించారు.

ధనం చేతికి వచ్చిన తరువాత ఆయన విద్యార్థి దశలో తన మనస్సులో నాటుకొన్న విషయాన్ని మరచిపోలేదు. 1907లో సూరత్‌లో జరిగిన కాంగ్రెసు మహాసభకు ఆయన వెళ్లారు. దేశంలో చెలరేగుతున్న స్వాతంత్ర్య భావాలు తెలుగు ప్రజలకు తెలుగులోనే అందాలని, అందుకు మంచి పత్రిక కావాలని భావించారు. 1908లో బొంబాయి నుండే ఆంధ్రపత్రికను వారపత్రికగా వెలువరించారు. తెలుగునాడుకు ఎంతో దూరంలో, మరాఠీ, గుజరాతీ మాట్లాడే నగరంలో తెలుగు అచ్చు అక్షరాలు కూర్చి పత్రిక నడపడం తేలికైన పని కాదు. అయినా ఆయన వెనుదీయలేదు. 1914లో పత్రికను మద్రాసుకు మార్చి, ఏప్రిల్ 1వ తేదీ నుండి దినపత్రికగా నడిపారు. ఆ సంవత్సరమే మొదటి ప్రపంచ యుద్ధం ఆరంభం కావడంతో, యుద్ధ వార్తల కోసం తెలుగువారు ఆ పత్రిక వైపు చూశారు.

1924లో ఆయన భారతి అనే సాహిత్య మాసపత్రికను ప్రారంభించారు. ఎందరో పండితులు, కవులు, కథకులు, పరిశోధకులు అందులో రచనలు చేశారు. 1926లో ఆంధ్ర గ్రంథమాలను స్థాపించి మంచి పుస్తకాలను తక్కువ వెలకు అందజేశారు. కొమర్రాజు లక్ష్మణరావు గారు ప్రారంభించిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం 1923లో ఆయన మరణంతో ఆగిపోగా, దానిని తిరిగి వెలువరించే భారాన్ని కూడా నాగేశ్వరరావు గారే వహించారు. ఎన్నో గ్రంథాలయాలకు, విద్యాసంస్థలకు విరాళాలిచ్చారు. సాయం కోరి వచ్చినవారిని ఆయన వట్టి చేతులతో పంపేవారు కాదని చెప్పుకొనేవారు. అందుకే ప్రజలు ఆయనను విశ్వదాత అని కీర్తించారు.

స్వాతంత్ర్య పోరాటంలోనూ ఆయన వెనుకబడలేదు. ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు సంఘానికి అధ్యక్షులుగా చాలాకాలం పనిచేశారు. ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొన్నారు. కారాగారంలో ఉండగా భగవద్గీతకు వ్యాఖ్యానం రాశారు. అరవై ఏళ్లు దాటిన వయస్సులో, లక్షాధికారిగా సుఖంగా ఉండగలిగి కూడా ఆయన చెరసాల కష్టాలను ఇష్టపడి స్వీకరించారు. ఆంధ్రులు ఆయనకు దేశోద్ధారక అనే బిరుదునిచ్చి గౌరవించారు. 1935లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ బిరుదుతో సత్కరించింది. 1936లో అమృతాంజనం సంస్థ పబ్లిక్ లిమిటెడ్ కంపెనీ అయింది. 1937 నవంబరులో కోస్తా, రాయలసీమ నాయకులు మద్రాసులోని ఆయన గృహం శ్రీబాగ్‌లో సమావేశమై, ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం విషయంలో ఒక ఒడంబడికకు వచ్చారు. అదే శ్రీబాగ్ ఒడంబడిక. మరుసటి సంవత్సరం, 1938 ఏప్రిల్ 11న నాగేశ్వరరావు గారు కన్నుమూశారు.

మద్రాసు నగరానికి ఇప్పుడు చెన్నై అని పేరు. అక్కడి మైలాపూరులో నాగేశ్వరరావు పార్కు ఆయన పేరుతో నేటికీ పచ్చగా ఉన్నది. ఆంధ్రపత్రిక, భారతి 1991లో ఆగిపోయినా, భారతి పాత సంచికలను పరిశోధకులు ఇప్పటికీ వెదకి చదువుతుంటారు. అమృతాంజనం సీసా నేటికీ ఎన్నో ఇళ్లలో కనిపిస్తుంది.

కృష్ణా తీరాన పుట్టిన నాగేశ్వరరావు గారు మద్రాసులో చదివి, కలకత్తాలో పని నేర్చి, బొంబాయిలో పరిశ్రమ స్థాపించారు. ఎక్కడ ఉన్నా తెలుగు భాషను మరువలేదు. మొదటి ప్రయత్నం సాగకపోయినా ఆయన కుంగిపోలేదు. తనకు తెలియని పనిని మరొకరి వద్ద నేర్చుకోవడానికి పట్టా అడ్డుగా భావించలేదు. సంపాదించిన ధనాన్ని తనకొక్కడికే దాచుకోలేదు. చదువు ముగించి స్వయంకృషితో జీవించదలచిన యువతీయువకులకు ఆయన జీవితం ఆదర్శప్రాయం.