సర్వజ్ఞ సింగభూపాలుడు – నాయికా శృంగార చిహ్న వివేచనము

శ్రీశైల క్షేత్రమునకు పశ్చిమద్వారము అలంపురము; ఉత్తరద్వారము ఉమామహేశ్వరము. ఈ రెండు ద్వారములకు ఆవల ఉత్తరముగా విస్తరించిన తెలుగునేలను పదునాలుగవ శతాబ్ది ఉత్తరార్ధమున రేచర్ల పద్మనాయక ప్రభువులు ఏలినారు. వారిలో రాచకొండ రాజధానిగా పాలించి, సర్వజ్ఞ బిరుదము వహించినవాడు సింగభూపాలుడు. వింధ్య శ్రీశైలముల నడిమి భూమి తన రాజ్యమని అతడు తన గ్రంథముననే చెప్పుకొన్నాడు. అది రాజోచితమైన అతిశయోక్తియే కావచ్చును. కాని శ్రీశైలమును దక్షిణపు ఎల్లగా చెప్పుకొనుటలో అతని దృష్టి ఏ దిక్కున నిలిచినదో స్పష్టమగుచున్నది.

సింగభూపాలుని తాత మొదటి సింగమనాయకుడు జల్లిపల్లి కోట ముట్టడి సందర్భమున హతుడైనాడు. అతని కుమారులు అనపోతానాయకుడు, మాదానాయకుడు పగ తీర్చుకొని, రాజ్యమును విస్తరింపజేసి, రాచకొండ, దేవరకొండలు కేంద్రములుగా రెండు శాఖలను నెలకొల్పినారు. 1368 ప్రాంతమున భీమవరము యుద్ధమున ముసునూరి కాపయనాయకుని ఓడించి, ఓరుగల్లు ప్రాంతమున పద్మనాయకుల ప్రాబల్యమునకు దారి తీసినవాడు అనపోతానాయకుడు. అతని కుమారుడే ఈ సింగభూపాలుడు. కొండవీటి రెడ్లతో వైరము, బహమనీ, విజయనగర రాజ్యముల మధ్య నిలద్రొక్కుకొనవలసిన అగత్యము తండ్రినుండి అతనికి సంక్రమించినవి. ఇట్టి సంక్షుభిత కాలమున ఒక రాజు అలంకారశాస్త్రమునకు పూనుకొనుట విశేషము.

అతని పేర మూడు కృతులు ప్రసిద్ధములు. శార్ఙ్గదేవుని సంగీతరత్నాకరమునకు వ్యాఖ్యయైన సంగీతసుధాకరము ఒకటి; కువలయావళి అను నాటిక రెండవది; రసార్ణవసుధాకరము మూడవది. ఆస్థానకవి విశ్వేశ్వరుడు చమత్కారచంద్రికను ఇతని ప్రశంసతో నింపినాడు. రసార్ణవసుధాకర రచనలో ఆస్థాన పండితుల చేయి కలదని కొందరి ఊహ. ఊహ ఎట్లున్నను, గ్రంథమునందలి నిర్ణయములు సింగభూపాలుని పేరనే పరంపరలో నిలిచినవి.

రసార్ణవసుధాకరము రంజకోల్లాసము, రసికోల్లాసము, భావకోల్లాసము అను మూడు విలాసములు గలది. స్త్రీ హృదయమున అనురాగము పుట్టినప్పుడు శరీరము దానిని ఎట్లు తెలుపునను ప్రశ్నకు మొదటి విలాసమున విపులమైన సమాధానము కలదు. అనుభావములు చిత్తము, గాత్రము, వాక్కు, బుద్ధి అను నాలుగింటి ఆరంభమున పుట్టునని సింగభూపాలుడు విభజించినాడు. చిత్తజములలో మొదటివి భావము, హావము, హేల. నిర్వికారమైన మనస్సున తొలి కదలిక భావము. అది కన్నుల, కనుబొమల కొలదిగా తోచిన హావము. స్పష్టముగా వెల్లడియైన హేల. గాత్రజములు లీల, విలాసము మొదలు విహృతము వరకు పది. ప్రియుని ప్రస్తావన రాగానే అభిలాష బయటపడుట మోట్టాయితము. హర్షము, కోపము, భయము, కన్నీరు ఒక్కమారు కలగలియుట కిలకించితము. చెప్పదలచిన మాట సిగ్గుచే నోట రాకుండుట విహృతము.

వీటికంటె లోతైనవి సాత్త్వికభావములు: స్తంభము, స్వేదము, రోమాంచము, స్వరభేదము, వేపథువు, వైవర్ణ్యము, అశ్రువు, ప్రళయము. భరతుని కాలమునుండి వచ్చిన ఈ ఎనిమిదింటికి సింగభూపాలుడు కారణములను పేర్కొన్నాడు. చెమట హర్షమున పట్టును. ఎండకును, శ్రమకును, భయమునకును పట్టును. వణకు సంతోషమున కలుగును. జడుపున, వార్ధక్యమున, క్రోధమున కూడ కలుగును. కన్నీరు ఆనందమున వచ్చును. దుఃఖమునను, పొగ వలనను వచ్చును. అనగా ఒక్క చిహ్నమునకు పలు కారణములు. చిహ్నమును చూచి మనస్సును నిశ్చయించుటకు వీలులేదను సత్యము ఈ జాబితాలోనే గర్భితమై యున్నది. పరుల సుఖదుఃఖములయందు అనుకూలముగా ప్రవర్తించు చిత్తవృత్తియే సత్త్వమని అతడు నిర్వచించినాడు. ఆ చిత్తము లేనిచో చెమట చెమటయే, భావము కాదు.

అలంపురమున ఏడవ శతాబ్ది నాటి బాదామి చాళుక్యుల నవబ్రహ్మాలయముల గోడలపై మిథున శిల్పములు కలవు. అచ్చటనే లభించి, మ్యూజియమున భద్రపరుపబడిన లజ్జాగౌరి విగ్రహమునకు శిరస్సు స్థానమున పద్మము కలదు. అది స్త్రీదేహమును సంతానశక్తికి ప్రతీకగా కొలిచిన దృష్టి. సింగభూపాలుని దృష్టి దీనికి భిన్నము. అతనికి దేహము మనస్సునకు వాచకము. మనస్సు ముందు, దేహము వెనుక.

కామశాస్త్రకారుల మార్గము మరొకటి. వాత్స్యాయనుడు స్త్రీకి కలుగు తృప్తికి అవయవముల సడలుట, కన్నులు మూతపడుట, సిగ్గు తొలగుట వంటి లక్షణములు చెప్పినాడు. 1966లో మాస్టర్స్, జాన్సన్ అను అమెరికా పరిశోధకులు గుండెవేగము, శ్వాసవేగము, చర్మము ఎరుపెక్కుట, రక్తప్రసరణ పెరిగి జననాంగమున ద్రవము ఊరుట మొదలైనవాటిని ప్రయోగశాలలో పరిశీలించి గ్రంథస్థము చేసినారు. తరువాతి పరిశోధనలు స్త్రీలలో దేహస్పందనము, మనస్సునందలి కోరిక ఎల్లవేళల ఏకీభవింపవని తేల్చినవి. దేహము స్పందించుట అంగీకారము కాదు. స్పందింపకుండుట అనురాగము లేకుండుటయు కాదు.

ఈ వెలుగున కుట్టమితమును జాగరూకతతో చదువవలెను. ప్రియుడు కేశాదులను స్పృశింపగా లోన సంతసించుచు పైకి కోపము చూపుట కుట్టమితము. కావ్యమున కవి నాయిక మనస్సును ముందే ఎరుగును. ఆ ఎరుకను పాఠకునకు ఇచ్చును. లోకమున అట్టి ఎరుక ఎవరికిని లేదు. రంగస్థలమునకు, పరస్పరానురక్తులైన దంపతుల వర్ణనకు చెప్పిన లక్షణమును లోకవ్యవహారమున ప్రమాణముగా గ్రహించి, వద్దన్న మాటను కాదనుట శాస్త్రమునకే అపచారము. అనుకూల చిత్తమును సత్త్వమన్న గ్రంథకర్తకు అది సమ్మతము కానేరదు.

రతిభావము క్రమముగా పెరుగునని కూడ అతడు చెప్పినాడు. అంకురము, పల్లవము, కలిక, ప్రసూనము, ఫలము, భోగము అను ఆరు దశలతో ప్రేమ, మానము, ప్రణయము, స్నేహము, రాగము, అనురాగములను పోల్చినాడు. లజ్జాభయములచే పరిమితమైన తొలి సమాగమమును సంక్షిప్త సంభోగమని వేరుగా గుర్తించినాడు. త్వరపడరాదను ఉపదేశము ఈ విభాగమున ధ్వనించుచున్నది.

పదునారవ శతాబ్దిలో గౌడీయ వైష్ణవాచార్యుడు రూపగోస్వామి తన నాటకచంద్రికకు భరతశాస్త్రముతోపాటు రసార్ణవసుధాకరమును ఆధారముగా గైకొన్నాడు. 1916లో తిరువనంతపుర సంస్కృత గ్రంథమాలలో గణపతిశాస్త్రి పరిష్కరణమున ఈ గ్రంథము వెలువడినది. రాచకొండ కోట నేడు శిథిలము. ఆ కోటలో కూర్చుండి స్త్రీ దేహమున పులకను, వణకును, మౌనమును గుర్తించి, ఆ గుర్తులకు మనస్సే ప్రమాణమని నిరూపించిన రాజు మాట మాత్రము అలంకారశాస్త్రమున నిలిచియే యున్నది.