ముద్రలను చెరిపిన మహనీయుడు – గిడుగు

ఒక మనిషిని ఎరుగకముందే అతని కులాన్ని బట్టి, ఊరిని బట్టి, మాట్లాడే యాసను బట్టి అతనిపై ఒక ముద్ర వేయడం లోకంలో పరిపాటి. ఆ ముద్ర వ్యక్తి ఎదుగుదలను అడ్డగిస్తుంది. సమాజానికి అందవలసిన ప్రతిభను అందనీయదు. అటువంటి రెండు ముద్రలను చెరపడానికి జీవితాన్ని అంకితం చేసిన మహనీయుడు గిడుగు వెంకట రామమూర్తి పంతులు.

రామమూర్తి 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం ప్రాంతంలో, శ్రీముఖలింగ క్షేత్రానికి సమీపంలోని పర్వతాలపేటలో జన్మించారు. తండ్రి వీర్రాజు, తల్లి వెంకమ్మ. పన్నెండవ ఏటనే తండ్రిని కోల్పోయి, విజయనగరంలో మేనమామ ఇంట ఉండి మహారాజావారి పాఠశాలలో చదువుకొన్నారు. గురజాడ అప్పారావు అక్కడ ఆయన సహాధ్యాయి. 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా చేరి, ఉద్యోగం చేస్తూనే స్వయంకృషితో బి.ఎ. పట్టం పొందారు. ప్రాచీన లిపులను తమంతట తామే అభ్యసించి, శాసనాలను పరిశోధించారు.

పర్లాకిమిడి చుట్టూ ఉన్న కొండలలో సవరలు నివసిస్తారు. పోడు వ్యవసాయం వారి జీవనాధారం. పల్లపు ప్రాంతాల వారికి వారు అనాగరికులు; వారి మాట అర్థం లేని గోల. ఈ అభిప్రాయం కేవలం మాటలతో ఆగలేదు. చదువు వారికి అబ్బదన్న నమ్మకం వల్ల బడి వారి దరికి చేరలేదు. అక్షరం, లెక్క తెలియని వారిని మోసగించడం వడ్డీ వ్యాపారులకు సులభమైంది. ఆ మోసానికి లోబడిన వారినే లోకం మళ్లీ అమాయకులని ఎగతాళి చేసింది. ముద్ర తానే కారణమై, తానే నిదర్శనమై నిలిచింది.

రామమూర్తి ఈ అభిప్రాయాన్ని విని ఊరుకొనలేదు. తెలుగు తెలిసిన ఒక సవరను ఇంట ఉంచుకొని ఆ భాష నేర్చుకొన్నారు. కొండలెక్కి వారి పాటలను, కథలను సేకరించారు. మన్యపు జ్వరాలకు వాడిన క్వినైను వల్ల ఆయన వినికిడి దెబ్బతిన్నదని చెబుతారు. అయినా ఆయన శ్రమ ఆగలేదు. సవర భాష తెలుగు వంటి ద్రావిడ భాష కాదు. ముండా కుటుంబానికి చెందినది. దానికి తనదైన వ్యాకరణం, పదసంపద ఉన్నాయి. 1931లో వెలువడిన సవర వ్యాకరణ గ్రంథం, ఆ తర్వాత వచ్చిన నిఘంటువులు ఈ సత్యాన్ని పండితలోకానికి చాటాయి.

గ్రంథరచనతోనే ఆయన తృప్తి చెందలేదు. సవర పిల్లలకు వారి భాషలోనే వాచకాలు రచించి, సొంత ఖర్చుతో బడులు నడిపారు. ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోగా, ఆ ధనంతో సవరలకు పాఠశాలలు తెరవవలసిందిగా కోరారు. తమ భాషలో బోధిస్తే ఏ బిడ్డ అయినా చదువగలడని ఆ బడుల ద్వారా నిరూపించదలచారు.

రెండవ ముద్ర తెలుగువారి నోటిమాటపై పడినది. నిత్యవ్యవహారంలోని తెలుగును నాటి పండితులు గ్రామ్యమని నిరసించేవారు. పుస్తకాలలోని గ్రాంథికం ఎవరి ఇంటను మాట్లాడేది కాదు. అందుచేత విద్యార్థులు ఆలోచన ఉన్నా వ్రాయలేక, వ్రాసినా తప్పులపాలై, తాము మందబుద్ధులమని తలవంచుకొనేవారు. పాఠశాలల పరీక్షాధికారి జె. ఎ. యేట్స్, విశాఖపట్నం కళాశాల అధ్యక్షులు పి. టి. శ్రీనివాస అయ్యంగార్, గురజాడ వంటి వారి తోడ్పాటుతో రామమూర్తి వ్యావహారిక భాషోద్యమాన్ని సాగించారు.

జయంతి రామయ్య పంతులు మొదలైన ప్రతిపక్షులు సామాన్యులు కారు. భాష చెడిపోవునన్న భయం వారిని నడిపింది. రామమూర్తి వారిని నిందించక, ప్రమాణాలు చూపారు. ప్రాచీన వ్యాఖ్యానాల నుండి, శాసనాల నుండి ఉదాహరణలు తీసి, పూర్వులు కూడా వాడుకమాటను ఉపయోగించారని నిరూపించారు. గ్రాంథికవాదుల రచనలలోనే గ్రాంథిక నియమాలు తప్పిన చోట్లను ఎత్తిచూపారు. 1919లో తెలుగు అనే మాసపత్రికను స్థాపించి తమ వాదాన్ని ప్రచారం చేశారు. నాడు తిరస్కృతమైన వాడుక తెలుగే క్రమంగా పత్రికలకు, పాఠ్యపుస్తకాలకు, విశ్వవిద్యాలయాలకు భాష అయింది.

1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరగా, రామమూర్తి ఆ పట్టణాన్ని వీడి రాజమహేంద్రవరం చేరారు. 1940 జనవరి 22న కన్నుమూశారు. ఆయన జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషాదినోత్సవంగా జరుపుకొంటున్నారు.

కొండవాసిని మూఢుడన్న మాటలోను, పల్లెవాసి పలుకును గ్రామ్యమన్న మాటలోను ఉన్న దోషం ఒక్కటే. తెలుసుకొనక తీర్పు చెప్పడమే ఆ దోషం. దానికి రామమూర్తి కనుగొన్న మందు ఆవేశం కాదు, అధ్యయనం. ఉత్తరాంధ్ర యాసను ఈనాటికీ హాస్యానికి వాడుకొనేవారు ఉన్నారు. ఆ యాస వినిపించే నేలపై పుట్టిన మహనీయుడే తెలుగుజాతికి తన నోటిమాటపై గౌరవం కలిగించాడని వారు గుర్తుంచుకోవాలి. ఎదుటివారిని గురించి ఒక మాట అనేముందు వారి మాట వినడం విద్యావంతుని కనీస ధర్మం.