నాగలి తగులని నేల – వెరియర్ ఎల్విన్ జీవితము

మన గుడారి చుట్టునున్న కొండవాలులపై పోడు చేలను మీరందరును చూచియే యుందురు. పొదలు నరికి, ఎండిన పిమ్మట కాల్చి, ఆ బూడిదలో విత్తనములు వేయుదురు, నాగలి కట్టరు. ఇది తెలివిమాలిన సేద్యమని తలచువారు పెక్కుమంది. మైదానపు చదువు చదివిన నేనును తొలుత అట్లే తలచితిని. దానికిగల కారణమును ఆ రైతులనే యడిగి తెలిసికొన్న మహనీయుడు వెరియర్ ఎల్విన్.

ఆయన 1902 ఆగస్టు 29వ తేదీన ఇంగ్లండులోని డోవరు పట్టణమున జన్మించెను. తండ్రి బిషప్పు. ఆక్స్‌ఫర్డులో విద్య ముగించి, మతసేవకై 1927లో పూనాకు వచ్చిన ఆ యువకుడు గాంధీమహాత్ముని అనుచరుడయ్యెను. 1932లో మిత్రుడగు శ్యామరావు హివాలేతో మైకల్ కొండలు చేరి, కరంజియా గ్రామమున పేదల నడుమ కాపురముండెను.

ఆ కొండలలోని బైగాల సేద్యమునకు బేవరు అని పేరు. అదియు మన పోడు వంటిదే. నాగలితో దున్నుట భూమాత రొమ్మును చీల్చుటయే యని వారి విశ్వాసము. అడవి నశించునని ఆనాటి ప్రభుత్వము బేవరును అడ్డగించి, 1890లో బైగా చక్ అను కొద్దిపాటి ప్రాంతమునకే పరిమితము చేసెను. బేవరుతోపాటు వారి ఉత్సాహమును, ఆత్మగౌరవమును క్షీణించుటను ఎల్విన్ కన్నులార చూచి, 1939లో ‘ది బైగా’ అను గ్రంథమున లోకమునకు తెలిపెను. గిరిజనులకై ప్రత్యేక రక్షిత ప్రాంతము ఏర్పరుపవలెనని అందు సూచింపగా, మనుష్యులను జంతుప్రదర్శనశాలలో నుంచుటయా యని పలువురు ఆక్షేపించిరి. తరువాత ఆయన ఆ అభిప్రాయమును విడిచెను. తప్పు దిద్దుకొనుటయు పెద్దల లక్షణమే కదా!

1940 తరువాత ఆయన గంజాం, కోరాపుట్ కొండలలో తిరిగి, మన పొరుగువారగు సవరల జీవితముపై 1955లో బృహద్గ్రంథము ప్రకటించెను. రాతికట్టలు పేర్చి, సెలయేటి నీటిని మడినుండి మడికి దింపు వారి మెట్టుపొలముల నేర్పును ఎంతయు మెచ్చెను.

వాలునేలను దున్నినచో వదులైన మన్ను తొలివానకే గెడ్డలో కలియును. దున్నకున్నచో మోళ్లును, వేళ్లును మన్నును పట్టియుంచును, వానపాములు చెదరవు, మోళ్లు మరల చిగిర్చును. చోడి, సామ, కంది కలిపి చల్లుటచే నేల కప్పబడియుండును. చేను విడిచిన పిదప మొలచిన గడ్డియు, పొదల పండ్లును పక్షులకు, లేళ్లకు ఆహారమగును. కాని ఇదంతయు నేలకు ఏండ్లతరబడి విశ్రాంతి నిచ్చినప్పుడే. త్వరత్వరగా అచ్చటనే మరల నరికి కాల్చినచో సారము నశించి కొండ బోడియగును. నేడు మన కొండలకు వచ్చిన ఆపద యిదియే.

1954లో ఎల్విన్ భారతపౌరుడై, ఈశాన్య సరిహద్దు ప్రాంత గిరిజన వ్యవహారములకు సలహాదారుగా నియుక్తుడయ్యెను. 1964 ఫిబ్రవరి 22వ తేదీన ఢిల్లీలో పరమపదించెను.

విద్యార్థులారా! మీలో కొందరి తాతలు నేటికిని పోడు చేయుచున్నారు. వారి చేనికి పూర్వము ఎన్నేండ్ల విశ్రాంతి యుండెడిదో, ఇప్పుడు ఎన్నేండ్లో అడిగి వ్రాసికొని రండు. అడుగుటకు సిగ్గుపడకుడు. ఆక్స్‌ఫర్డు పండితుడే కొండవారి యెదుట నేలపై కూర్చుండి అడిగెను.