హల్ హౌస్ గృహిణి జేన్ ఆడమ్స్

చికాగో నగరాన్ని 1871లో అగ్ని దహించివేసింది. ఇరవై సంవత్సరాలు తిరగకుండానే ఆ బూడిదకుప్పల నుండి పదకొండు లక్షల జనంతో ఒక మహానగరం లేచి నిలిచింది. 1893లో మన వివేకానందస్వామి సర్వమత మహాసభలో ప్రసంగించి విఖ్యాతుడైన నగరం అదే. ఆ సభాభవనానికి ఎంతో దూరం కాకుండా, పడమటి దిక్కున, హాల్‌స్టెడ్ వీథి పరిసరాలలో వేరొక లోకం ఉండేది. ఇటలీ రైతులు, ఐర్లండు కూలీలు, జర్మనులు, బొహీమియనులు, రష్యా పోలండు దేశాలనుండి ప్రాణభయంతో పారిపోయి వచ్చిన యూదులు అక్కడ ఇరుకు గదులలో కాపురముండి, ఆ గదులలోనే కోట్లు కుట్టి పొట్ట పోసుకొనేవారు. 1890 నాటి లెక్కల ప్రకారం చికాగో వాసులలో నాలుగింట మూడు పాళ్ళకు మించినవారు పరదేశాలలో పుట్టినవారో, అట్టివారి బిడ్డలో.

వీరిలో పురుషులకు, పౌరసత్వం పొందిన పిమ్మట, ఓటుహక్కు ఉండేది. చట్టం ఓటు ఇవ్వగలదు. కాని నలుగురిలో లేచి నోరు విప్పడం, సంఘం సొమ్ముకు లెక్క అడగడం, తనకు గిట్టని మాటనైనా ముగిసేవరకు వినడం, ఫిర్యాదును కాగితంమీద పెట్టి అధికారిచేత జవాబు చెప్పించడం, ఇవి చట్టం నేర్పే విద్యలు కావు. జమీందారు ముందు తలవంచి నిలుచుటే తెలిసిన రైతుకు, పోలీసును చూస్తే తలుపు మూసుకొనుటే తెలిసిన యూదునకు ఆ విద్య ఎక్కడ అబ్బుతుంది? ఆ పాఠశాలను తెరిచినవారిలో అగ్రగణ్యురాలు జేన్ ఆడమ్స్. అయితే బోధించబోయిన ఆమెయే తొలి సంవత్సరాలలో పాఠాలు నేర్చుకోవలసి వచ్చింది.

ఆమె 1860 సెప్టెంబరు 6వ తేదీన ఇల్లినాయిస్ రాష్ట్రంలో సీడర్‌విల్ అనే చిన్న గ్రామంలో పుట్టింది. తండ్రి జాన్ ఆడమ్స్ మర యజమాని, రాష్ట్ర శాసనసభలో చాలకాలం సెనేటరు, అబ్రహాం లింకన్‌కు స్నేహితుడు. రెండేండ్ల ప్రాయంలోనే తల్లి పోయింది. బాల్యంలో వచ్చిన వెన్నెముక వ్యాధివల్ల నడుము కాస్త వంగింది. ఆదివారాలలో ఠీవిగా నడిచిపోయే తండ్రి ప్రక్కన తనవంటి అవకరపుపిల్ల కనిపిస్తే ఆయనకు చిన్నతనమని తలచి పినతండ్రి వెనుక నడిచేదట. 1881లో రాక్‌ఫర్డ్ విద్యాలయంలో చదువు ముగిసింది. ఆ వేసవిలోనే తండ్రి మరణించాడు. వైద్యవిద్యకు ఫిలడెల్ఫియా వెళ్ళి, ఆరోగ్యం చెడి, కొన్ని నెలలకే మానివేసింది. ఆపైన ఏడెనిమిదేండ్లు ఏ పనీ తోచక గడచినవి. చదువుకొన్న ధనికుల బిడ్డకు ఐరోపా యాత్రలు తప్ప వేరు పని లేని కాలమది.

ఆ యాత్రలలోనే ఒక శనివారం రాత్రి లండను తూర్పుపేటలో, కుళ్ళిపోతున్న కూరగాయల వేలంపాటకై చేతులు చాచిన పేదజనాన్ని చూసింది. 1888లో అదే పేటలోని టాయిన్‌బీ హాలును దర్శించింది. విశ్వవిద్యాలయ విద్యార్థులు బీదల నడుమ కాపురముండి వారితో కలసి పనిచేసే నిలయమది. మరుసటి యేడు చెలికత్తె ఎలెన్ గేట్స్ స్టార్‌తో కలసి చికాగోలో అటువంటి ఇల్లు వెదకింది. చార్లెస్ హల్ అనే ధనికుడు 1856లో కట్టించిన పాతభవనం ఒకటి దొరికింది. అటు శవపేటికల అంగడి, ఇటు సారాయి దుకాణం. 1889 సెప్టెంబరు 18వ తేదీన వారిద్దరు అక్కడ కాపురం పెట్టారు. హల్ హౌస్ చరిత్రకు అదే ప్రారంభం.

మొదట చేసిన పనులు నేటివారికి నవ్వు తెప్పిస్తాయి. ఇరుగుపొరుగు ఇటాలియనులకు ఎలెన్ స్టార్ జార్జి ఎలియట్ నవల 'రొమోలా' చదివి వినిపించింది. దానితోపాటు శిశుపాఠశాల కూడ పెట్టారు గనుక తల్లులు రాసాగారు. తరువాత వచ్చింది వంటశాల ముచ్చట. బట్టలు కుట్టే తల్లులకు వంట చేసుకొనే తీరిక లేదని, బలవర్ధకమైన ఆహారాన్ని శాస్త్రీయ పద్ధతిలో వండి చవుకగా అమ్మజూపారు. పాత్రలు, పొయ్యిలు, ఆహారశాస్త్రం, అన్నీ అమరినవి. కొనేవారు మాత్రం రాలేదు. ఆ తిండి బలమైనదేనని ఒప్పుకొంటూనే, తనకు మాత్రం తన నోటికి రుచించినదే కావాలని ఒక పొరుగింటామె తేల్చి చెప్పింది. పేదవానికి ఏది మేలో వానిని అడగకుండ నిర్ణయించే పెద్దమనుషులు ఏ దేశంలోనైనా కలరు. జేన్ ఆడమ్స్ విశేషమేమంటే, ఆ ఓటమిని దాచకుండ తన గ్రంథంలో వ్రాసుకొన్నది.

ఆమె నేర్చిన పాఠం ఫలించిన చోటు జేన్ క్లబ్బు. చెప్పుల కర్మాగారంలో పనిచేసే పడుచులు సమ్మెచేస్తూ హల్ హౌస్‌లో సమావేశమయ్యేవారు. సమ్మెలలో మొట్టమొదట లొంగిపోయేది అద్దెగదులలో ఒంటరిగా ఉండే పిల్లలేనని వారు గమనించారు. అద్దె గడువు దాటితే వీథిలో నిలబడవలెను గదా! అందరూ కలసి ఒక ఇల్లు నడుపుకొంటే ఒకరి అద్దె మరొకరు మోయవచ్చునన్న ఆలోచన వారిదే. 1891 మే నెలలో చిన్న వాటాలు తీసుకొన్నారు. సామాను ఎరువిచ్చి, మొదటి నెల అద్దె హల్ హౌస్ చెల్లించింది. అంతటితో ఆగింది. కనిపెట్టి ఉండే పెద్దమ్మను నియమించలేదు. అధ్యక్షురాలు, కోశాధికారిణి ఆ పిల్లలలోనివారే. వారానికి మూడు డాలర్ల చొప్పున వసూలుచేయడం, సరుకులు కొనడం, తగవులు తీర్చడం వారి పనియే. మూడవ యేడు ముగిసేసరికి సభ్యులు యాభైమంది, భవనంలోని ఆరు వాటాలూ వారివే. డబ్బిచ్చి చేయి తీసివేయడం డబ్బివ్వడంకంటె కష్టం.

పురుషులకు సాంఘికశాస్త్ర సంఘం ఉండేది. 1890 నుండి ఏడేండ్లపాటు ప్రతి బుధవారం రాత్రి ఎనిమిది గంటలకు నలభై మొదలు నూరుమంది వరకు చేరేవారు. ఆ రాత్రికి అధ్యక్షుని సభవారే ఎన్నుకొనేవారు. తొమ్మిదివరకు ఉపన్యాసం, పది వరకు చర్చ. వచ్చినవారిలో అరాజకవాదులు, సోషలిస్టులు, ఏకపన్ను వాదులు. 1886 నాటి హేమార్కెట్ ఉదంతం తరువాత చికాగో పోలీసులకు అటువంటి మాటలు వింటేనే ఒళ్ళు మండేది. అట్టి నగరంలో, గంట కొట్టగానే మాట ఆపి ఎదుటివానికి అవకాశమిచ్చే అలవాటు ఆ సభలో పాదుకొన్నది. మన కళాశాలల వక్తృత్వ సంఘాలు నడిపేవారికి ఆ అలవాటు విలువ విడమరచి చెప్పనక్కరలేదు.

ఇక చెత్త కథ. ఆ వార్డు సందులలో చెత్తపెట్టెలు పొంగిపొరలేవి, పసిపిల్లలు వాటి చుట్టూ ఆడుకొనేవారు. ఇల్లాండ్రు తమ గుమ్మం ఊడ్చుకొంటే చాలదనీ, పల్లెలో చెల్లిన ఆ పద్ధతి పట్నంలో బిడ్డ ప్రాణం తీస్తుందనీ హల్ హౌస్ మహిళా సంఘంలో చర్చలు జరిగినవి. పన్నెండుమంది సభ్యురాండ్రు, పగలెల్ల ఇంటిచాకిరీ చేసి, వారానికి మూడు సాయంకాలాలు, మండుటెండల కాలంలో, సందులన్నీ తిరిగి ఏ ఇంటివద్ద ఏ నిబంధన ఎట్లు ఉల్లంఘింపబడుతున్నదో వ్రాసుకొన్నారు. ఆగస్టు, సెప్టెంబరు నెలలలో ఆరోగ్యశాఖకు హల్ హౌస్ నుండి వెళ్ళిన ఋజువైన ఫిర్యాదులు 1,037. ఏడుపుకు జవాబు చెప్పని కార్యాలయం కూడ, తేదీ, చిరునామాతో వేయి కాగితాలు వస్తే కదలక తప్పదు.

అయినా చాలినంత కదలలేదు. అప్పుడు జేన్ ఆడమ్స్ చెత్త ఎత్తే కంట్రాక్టుకు తానే టెండరు వేసింది. ఏదో సాంకేతిక కారణంతో దానిని త్రోసిపుచ్చారు గాని, గగ్గోలు పుట్టడంతో మేయరు ఆమెను 1895లో ఆ వార్డుకు చెత్త తనిఖీ అధికారిణిగా నియమించాడు. ఏడాదికి వేయి డాలర్ల జీతం. తెల్లవారుజామున ఆరుగంటలకు లేచి బండ్ల వెంట నడిచేది. ఒక ఇరుకు వీథిలో పద్దెనిమిది అంగుళాల చెత్త క్రింద రాళ్ళు పరచిన బాట బయటపడింది! ఇటాలియనులు మాత్రం పెద్దగా ఆశ్చర్యపోలేదట. పాతిపడిన నగరాలను త్రవ్వితీయడం వారి దేశంలో అలవాటేనని ఆమె చమత్కరించింది. మరణాల సంఖ్యలో నగరంలో మూడవదిగా ఉన్న ఆ వార్డు ఏడవ స్థానానికి దిగింది. ఇదంతా నడిపిన స్త్రీలకు ఓటు లేదు. ఇల్లినాయిస్‌లో పురపాలక ఎన్నికల ఓటు స్త్రీలకు లభించింది 1913లో.

చెత్తను జయించవచ్చును గాని జానీ పవర్స్‌ను జయించడం కుదరలేదు. ఐర్లండునుండి వలసవచ్చిన పవర్స్ ఆ వార్డు నగరసభ్యుడు. ట్రాము కంపెనీలకు నగర వీథులను ధారాదత్తం చేసే ముఠాకు నాయకుడు. హల్ హౌస్ పురుషుల సంఘంవారు 1895లో తమ సభ్యుని ఒకనిని రెండవ స్థానానికి గెలిపించుకొంటే, అతడూ స్వల్పకాలంలోనే ఆ ముఠాలో కలిసిపోయాడు. 1896లోను, 1898లోను పవర్స్‌పై నిలబెట్టిన అభ్యర్థులు ఓడిపోయారు. దీనికి ఆమె తిట్టుతో సమాధానం చెప్పలేదు. పవర్స్ ఎందుకు గెలుస్తున్నాడో పరిశీలించి 1898లో వ్యాసం వ్రాసింది. పేదవాని ఇంట చావు జరిగితే బండ్లు పంపేది అతడు. క్రిస్మసునాడు టర్కీకోళ్ళు పంచేది అతడు. జైలుపాలైన కొడుకును విడిపించేది అతడు. వార్డులో 2,600 మంది తనవల్ల సర్కారు జీతం తింటున్నారని చెప్పుకొనేవాడట. సంస్కర్త నీతి చెప్పుతాడు, పవర్స్ శవవాహకుల వెంట నడుస్తాడు. ఓటరుకు స్నేహితుడెవరు? ఆ వ్యాసం నేటికీ రాజనీతి విద్యార్థులు చదువదగినది.

1900లో ఆమె స్థాపించిన శ్రమ ప్రదర్శనశాల గూర్చి ఒక్కమాట. ఇంగ్లీషు నేర్చి, తల్లుల తలగుడ్డలను చూసి సిగ్గుపడే పిల్లలకు, ఆ తల్లులు కదురుతో దారం తీసే విద్యను ప్రజల ఎదుట చూపించే చోటది. తల్లితో ఒకే గుమ్మాన రావడానికి నామోషీపడిన ఒక ఇటాలియను పిల్ల, పెద్దలు తల్లి పనితనాన్ని మెచ్చుకోగా చూసి, తరువాత కలసి రాసాగింది. అదేవిధంగా గ్రీకు కూలీలు 1903లో సొఫొక్లీస్ నాటకం 'అజాక్స్' ప్రదర్శించారు. వారిని పండ్లబండి తోసేవారుగానే ఎరిగిన నగరానికి అది క్రొత్త దర్శనం.

పోలండునుండి బాలికగా వచ్చిన హిల్డా సాట్ అనే యూదుపిల్ల కథ కూడ అక్కడిదే. స్వదేశంలో క్రిస్మసు అంటే యూదుల ఇండ్లపై దాడులు. అందుచేత హల్ హౌస్ క్రిస్మసు విందుకు మొదటిసారి వణుకుతూ వెళ్ళింది. కర్మాగారంలో పనిచేస్తూ, సాయంకాలాలు హల్ హౌస్‌లో చదివి, తరువాత అక్కడనే వలసవారికి ఇంగ్లీషు బోధించింది. ఆమె ఆత్మకథ ఆమె మరణానంతరం 1989లో వెలువడింది.

1910లో హార్ట్, షాఫ్నర్, మార్క్స్ కుట్టుశాలలలో పుట్టిన సమ్మె నగరమంతట వ్యాపించింది. సమ్మెదారులు అనేక భాషలవారు. రాజీకి నడుము కట్టినవారిలో జేన్ ఆడమ్స్ ఒకరు. 1911 ఒడంబడికతో మధ్యవర్తుల మండలి ఏర్పడింది. 1912లో యాజమాన్యం, కార్మికులు సమసంఖ్యలో కూర్చునే వృత్తి మండలి వచ్చింది. నిన్నటిదాకా మేస్త్రీ తిట్లు తిన్నవారు మేజాకు ఇటు కూర్చుండి రేటు లెక్కలు అడిగారు. ఆ సమ్మెలో ఎదిగినవాడు లిథువేనియా నుండి 1907లో వచ్చిన సిడ్నీ హిల్‌మన్. 1914లో దుస్తుల కార్మికుల మహాసంఘానికి అధ్యక్షుడై, 1940లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ నియమించిన జాతీయ రక్షణ సలహా సంఘంలో సభ్యుడయ్యాడు.

ఉపాధ్యాయులైన చదువరులకు ఆసక్తికరమైన ఘట్టం ఒకటి కలదు. 1905లో ఆమె చికాగో విద్యామండలి సభ్యురాలైంది. ఉపాధ్యాయ సమాఖ్యవారు ఆమె తమ పక్షాన పోరాడుతుందని సంబరపడ్డారు. ఆమె ఇరువర్గాలకూ నచ్చచెప్పబోయింది. ఉపాధ్యాయులు నిరాశచెందారు. తమ కోసం ఇతరులు మండలిలో కూర్చున్నంతకాలం రాజీ వారి ఇష్టమే అవుతుందని వారు గ్రహించి ఉంటారు. నా దృష్టిలో ఈ విషయంలో ఉపాధ్యాయుల ఆగ్రహం అన్యాయమైనది కాదు.

మొదటి ప్రపంచయుద్ధకాలంలో ఆమె శాంతిపక్షం వహించింది. 1915లో హేగ్ నగరంలో జరిగిన మహిళా మహాసభకు అధ్యక్షత వహించింది. నిన్నటి వరకు పూజించిన పత్రికలు దుమ్మెత్తిపోసినవి. 1923లో ఆమె భారతదేశం కూడ సందర్శించింది. గాంధీమహాత్ముడు అప్పుడు కారాగారంలో ఉన్నాడు. 1931లో నోబెల్ శాంతిబహుమానం మరొకరితో కలసి లభించింది. 1935 మే 21వ తేదీన చికాగోలో మరణించింది. హల్ హౌస్ ముంగిటి ప్రాంగణంలో అంతిమ ప్రార్థనలు జరుగగా వేలమంది పొరుగువారు వచ్చారు.

ఒక్క లోపం చెప్పక తప్పదు. పడుచుపిల్లలచేత కోశాగారం నడిపించిన జేన్ ఆడమ్స్, హల్ హౌస్ ధర్మకర్తల మండలిని మాత్రం చాలవరకు దాతలకు, విద్యావంతులకు వదలివేసింది. దాతలు లేక సంస్థ నిలువదు. ఆమె ఇబ్బంది అర్థం చేసుకోదగినదే. దాని ఫలితం 1961లో కనిపించింది. విశ్వవిద్యాలయ ప్రాంగణానికై ఆ పేటను కూల్చాలని నగరపాలకులు నిశ్చయిస్తే ధర్మకర్తలు అమ్మకానికి అంగీకరించారు. ఎదిరించినది ఫ్లారెన్స్ స్కాలా అనే గృహిణి. ఇటలీనుండి వలసవచ్చిన దర్జీ కుమార్తె. హల్ హౌస్‌లో పెరిగి, ఏండ్ల తరబడి స్వచ్ఛందంగా పనిచేసి, పేట ప్రణాళికాసంఘంలో కూర్చుండి పటాలు, పద్దులు చదవడం నేర్చినది. ఇరుగుపొరుగు స్త్రీలను వెంటబెట్టుకొని మేయరు కార్యాలయానికి వెళ్ళింది. న్యాయస్థానాలలో పోరాడి ఓడింది. పదమూడు భవనాలలో పాత హల్ భవనమూ, భోజనశాలా మాత్రమే మిగిలి ప్రదర్శనశాల అయినవి. 1964లో నగరసభకు పోటీచేసి మళ్ళీ ఓడింది. 2007లో మరణించేవరకు ఆ పేటలోనే నివసించింది.