రిపన్ ప్రభువు

చెన్నపురి కార్పొరేషను భవనమునకు పేరైన రిపన్ ప్రభువు 1827లో, తండ్రి బ్రిటిషు ప్రధానమంత్రిగా నున్నపుడు, డౌనింగు వీధి ప్రధాని నివాసమునందే జన్మించెను. 1880లో రాజప్రతినిధియై వచ్చి, దేశభాషాపత్రికల నోరుగట్టిన శాసనమును రద్దు గావించెను. అయినను 1882 మే 18వ తేదీ తీర్మానమునే మేము ఆయన ముఖ్యకార్యముగ నెంచెదము. స్థానికసంఘములలో అధికారులు మూడవవంతునకు మించరాదు; వీలైనచోట్ల అధ్యక్షులును అనధికారులే కావలెను. పని చక్కబడుటకంటె, కొంత తడబడియైనను ప్రజలు పాలన నేర్చుకొనుట మేలని ఆయన తలంచెను. అధికారులకిది రుచించునా? అమలును రాష్ట్రప్రభుత్వములకు విడుచుటచే తీర్మానము సగము నీరుగారెను. చెన్నపురి రాజధానిలో 1884 శాసనము పిమ్మటను జిల్లాబోర్డు అధ్యక్షపీఠము కలెక్టరుదే. 1909లో రిపన్ మరణించునాటికిని ఆయన దానిని విడువలేదు.